పసుపునీళ్ళలో వచ్చిన ముక్క

కడపలో నేను పనిచేసిన ల్యాబుకు కిటికీలు రెండే. వీధి వైపు కిటికీ ముందు నా కౌంటరు, పెరటి వైపు కిటికీ పక్కన, ముక్కల్ని పరీక్షించే డాక్టరు మా మేడం మైక్రోస్కోపు. ఆ రెంటి మధ్య గాలంతా ఫార్మలిన్ వాసనే. ఒంట్లోంచి కోసి తీసిన ముక్క చెడిపోకుండా వేసి ఉంచే మందునీళ్ళు అవి. చేరిన కొత్తలో ఆ ఘాటుకు కళ్ళు మండి ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత ఆదివారం ఇంట్లో ఉంటే ఆ వాసన లేక ఏదో వెలితిగా ఉండేది.

మధ్యాహ్నం రెండు దాటితే వీధిలో మనిషి అలికిడి ఉండదు. ఎండ అద్దంలోంచి లోపలికొచ్చి బల్ల మీద పడుకునేది. మేడం మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా, ఇంగ్లీషులో, నెమ్మదిగా రిపోర్టు చెబుతూ పోయేవారు. నేను టైపు చేస్తూ పోయేదాన్ని. సగం మెలకువ, సగం నిద్ర. ఇప్పుడు ఆ గదిని తలుచుకుంటే మనుషుల ముఖాల కన్నా ముందు ఆ మాటలే వినిపిస్తాయి నాకు.

నేను బీకాం చదివాను. పెళ్ళయి కర్నూలు పక్కన కల్లూరు నుంచి కడప వచ్చాను. డబ్బుల్ని దుడ్లు అన్నానని అత్తగారింట్లో ఏడాది పాటు నవ్వారు. ల్యాబులో చేరాక వాళ్ళకు నవ్వడానికి ఇంకో సంగతి దొరికింది. దోసె పెనానికి అంటుకోకుండా అంచులు లేచి వస్తే నేను 'మార్జిన్స్ ఫ్రీ' అనడం మొదలుపెట్టాను. కోసిన గడ్డ అంచుల్లో రోగం లేదు, ఉన్నదంతా శుభ్రంగా బయటికొచ్చేసింది అని ఆ మాటకు అర్థం. ఆ రెండు మాటలు టైపు చేసిన రోజు నాకు భోజనం రుచిగా ఉండేది. ఎవరి రిపోర్టో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, అయినా సంతోషంగా ఉండేది.

నాకు పడని మాటలూ ఉండేవి. 'క్లినికల్ కోరిలేషన్ అవసరం' అనేది ఒకటి. మాకు తెలిసింది ఇంతే, మిగతాది మీ డాక్టరే చూసుకోవాలి అని పెద్దమనిషి తరహాలో తప్పుకోవడం అని నా అభిప్రాయం. నాకు నోటి దురుసు ఎక్కువ కాబట్టి ఒకసారి మేడంతో అనేశాను కూడా. ఆవిడ నవ్వారు. "తప్పుకోవడం కాదు. తెలియనిది తెలియదని రాయడం అంత సులభమనుకున్నావా?" అన్నారు. అప్పుడు నాకది బుర్రకెక్కలేదు.

కౌంటరుకొచ్చే వాళ్ళకు ఈ మాటలేవీ పట్టవు. బయాప్సీ అంటే వాళ్ళకు ముక్క పరీక్ష. రిపోర్టు చేతికివ్వగానే అందరూ ఒకటే అడుగుతారు. "ముక్కలో ఏమన్నా ఉండాదా?" ఆ జబ్బు పేరు మా వైపు ఎవరూ నోటితో అనరు. అంటే ఎక్కడ వింటుందోనని భయం. పదేళ్ళు ఆ కౌంటరులో కూర్చున్న నేను కూడా ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు.

ముక్కల్ని తెచ్చేదీ వాళ్ళే. చిన్న ఊళ్ళలో ఆపరేషన్ చేసిన డాక్టర్లు ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి, చీటీ అంటించి, ఇంటివాళ్ళ చేతికిచ్చి కడపకు పంపుతారు. వాళ్ళు ఆ సీసాను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతారు. కూతురిదో, మొగుడిదో, తల్లిదో ఒంట్లోని ముక్క ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి సిద్ధవటం కొండలు చూసుకుంటూ వస్తారు. ఆ ప్రయాణాన్ని నేను చాలాసార్లు ఊహించుకునేదాన్ని. బస్సు కుదిపినప్పుడల్లా ఆ చెయ్యి సీసా మూత మీదికి పోతుంది కదా అనుకునేదాన్ని.

అట్లా వచ్చిందే ఒకామె. యాభై ఏళ్ళుంటాయి. బద్వేలు అవతల ఏదో పల్లె. పొద్దున పదకొండు గంటలప్పుడు వచ్చి, చేతిసంచిలోంచి ఒక గాజు సీసా తీసి నా బల్ల మీద ఎండలో పెట్టింది. పచ్చళ్ళు పెట్టుకునే సీసా. మూతికి కొత్త గుడ్డ కట్టి ఉంది. లోపల నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. ఎండ తగలగానే సీసా మొత్తం వెలిగింది. ఆ వెలుగు బల్ల మీద, రిజిస్టరు మీద, నా చేతుల మీద పడి మెల్లగా ఊగింది. అడుగున నిమ్మకాయంత ముక్క. అది ఏమిటో మరిచిపోయి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇప్పటికీ నా కలల్లోకి వచ్చేది ఆ వెలుగే.

సీసాలోంచి ఫార్మలిన్ వాసన రాలేదు. అప్పుడు తెలివొచ్చింది నాకు.

"ఇదేందమ్మా? మందునీళ్ళు యాడ?" అన్నాను.

"పారబోసినా మ్మా. ఏం కంపు అది! మూత తీస్తానే కండ్లల్లో నీళ్ళు కారె. అంత మంటలో నా బిడ్డ కండను ఎట్ల పెట్టేది? మనసు రాలేదు. శుభ్రంగా కడిగి, పసుపునీళ్ళలో ఏసి, నీళ్ళకుండ పక్కన సల్లగా పెట్టినా. పసుపేస్తే సీము పట్టదు గదా."

ఆమె ఏదో మంచి పని చేసొచ్చినట్టు చెప్పింది. ఆమె లెక్కలో మంచి పనే. బొడ్డు కోసిన చోట పసుపు, మోకాలు దోక్కుపోతే పసుపు, కత్తికి వేలు తెగితే పసుపు. పుట్టినప్పటి నుంచి ఆ బిడ్డ ఒంటి మీద ఎక్కడ గాయమైనా ఆ చేతులు పసుపే అద్ది ఉంటాయి. ఇప్పుడు గాయం సీసాలోకి వచ్చింది, అంతే తేడా.

నాకు మొదట కోపమే వచ్చింది. "రాత్రంతా ఇట్లనే పెట్టినావా? ఇది పనికొస్తాదా ఇప్పుడు? ఆ మందు లేకపోతే ముక్క కుళ్ళిపోతాదమ్మా!" అని గట్టిగానే అరిచాను.

ఆమె ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. "పారేస్తారా?" అంది.

మా ల్యాబు పద్ధతి ప్రకారం అలాంటివి తీసుకోకూడదు. రిజిస్టరులో 'రిజెక్టెడ్' అని రాసి, కారణం రాసి, మళ్ళీ కొత్త ముక్క తెమ్మని పంపాలి. కానీ కొత్త ముక్క ఎక్కడి నుంచి తెస్తుంది? సీసాతో పాటు తెచ్చిన డాక్టరు చీటీ చూశాను. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. రొమ్ములో గడ్డ. గడ్డను మొత్తం తీసేశారు. ఆ గడ్డ మంచిదో చెడ్డదో చెప్పడానికి ఈ లోకంలో మిగిలింది నా బల్ల మీదున్న ఆ ముక్క ఒక్కటే. ఆ అమ్మాయికి రెండేళ్ళ పిల్ల ఉందని తల్లి చెప్పింది. మంచిదైతే ఆ పిల్లను ధైర్యంగా ఎత్తుకుంటుంది. చెడ్డదైతే రొమ్ము తీసేయాలి, ఆ తర్వాత ప్రాణానికే భరోసా ఉండదు.

"డాక్టరమ్మకు జెప్పొద్దు మ్మా," అంది ఆమె నా చేయి పట్టుకుని. "నన్ను తిడితే పడతా. కోపమొచ్చి దీన్ని పారేస్తే నేనేం జేసేది? మల్లా కోసేదానికి ఆడ ఏమీ ల్యా."

ఆమె చేతి వేళ్ళకు పసుపు ఇంకా ఉంది. నాకు జాలేసింది. జాలి అనేది నాకు వచ్చేటప్పుడు వరదలా వస్తుంది, ముందూ వెనకా చూసుకోను. ముక్కను కడిగి, మా సీసాలో కొత్త ఫార్మలిన్ పోసి అందులో వేశాను. నంబరు అంటించాను. రిజిస్టరులో 'ఎందులో అందింది' అనే గడి ఉంటుంది. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఫార్మలిన్' అని రాశాను. ఆమె నా గడ్డం పట్టుకుని, చేతిని తన పెదాలకు ఆనించుకుని వెళ్ళిపోయింది. ఎంత మంచి పని చేశానా అని ఆ పూటంతా నా మీద నాకే ముచ్చటేసింది.

మర్నాడు మేడం ఆ ముక్కను కోయడానికి తీశారు. కంటికి కనిపించేదంతా ముందు రాసుకోవాలి, దాన్ని గ్రాస్ అంటారు. ఆవిడ చెబుతుంటే నేను పక్కన నిలబడి రాసుకుంటున్నాను. కొలతలు చెప్పారు. పైన రంగు చూసి ఆగారు.

"ఇంత పసుపేంటి? ఆపరేషన్ చేసేటప్పుడు బెటాడిన్ గానీ ఎక్కువ పోశారేమో."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదని తెలుసు. అయినా తల దించుకుని కొలతలే రాసుకున్నాను. ముక్కను మధ్యకు కోశారు. లోపల మెత్తగా, జావలా ఉంది. ఆవిడ ముఖం ముడుచుకుంది.

"మధ్యలో మెత్తగా ఉంది. నెక్రోసిస్ కావచ్చు, రాసుకో."

రాసుకున్నాను. ఆ మాట నాకు కొత్త కాదు. ఒంట్లో ఉండగానే కణాలు చచ్చిపోవడం అది. గడ్డ గబగబా పెరిగి, లోపలి భాగానికి రక్తం అందక చచ్చిపోతుంది. అంటే చెడ్డ గడ్డకు అదొక గుర్తు. ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడత పెడుతున్నా ఆ మాటే చెవిలో తిరిగింది. పసుపునీళ్ళకూ దీనికీ సంబంధం ఉంటుందా అని ఒకసారి అనుకున్నాను. మేడం అంత చదువుకున్నారు, ఆవిడకు తెలియదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం స్లైడ్లు వచ్చాయి. ఎప్పట్లాగే ఎండ బల్ల మీద ఉంది. ఫ్యాను వేడి గాలిని తిప్పుతోంది. మేడం చాలాసేపు చూశారు. మామూలుగా ఒక స్లైడుకు పట్టే సమయం నాకు తెలుసు. ఇది దాటిపోయింది. చివరికి ఆ నెమ్మదైన గొంతుతో మొదలుపెట్టారు. నా వేళ్ళు కదిలాయి. అంచుల్లో మామూలుగానే ఉంది, మధ్యలో విస్తారంగా నెక్రోసిస్, కణాల కేంద్రకాలు స్పష్టంగా లేవు, మాలిగ్నెన్సీ అనుమానించదగినది, ఇంకా వెడల్పుగా కోసి తీయడం పరిశీలించాలి.

మాలిగ్నెన్సీ. మా వాళ్ళు నోటితో అనని పేరుకు ఇంగ్లీషు బట్టలు తొడిగితే అదీ. టైపు చేస్తూ చేస్తూ సగంలో ఆగాను. ఆ అమ్మాయిని నేను చూడలేదు. కానీ ఆ నిమిషంలో చూసినట్టే అనిపించింది. ఒంటికి కట్టుతో మంచం మీద పడుకుని ఉంది. పక్కన పిల్ల కూర్చుని ఉంది. గది అంతా పసుపు రంగు వెలుగు ఊగుతోంది. ఆ వెలుగులోకి నేను టైపు చేసిన కాగితం పోతోంది.

"ఏం, ఆగిపోయావు?" అన్నారు మేడం.

"మేడం, ఆ ముక్క ఫార్మలిన్‌లో రాలేదు."

ఆవిడ తల ఎత్తారు. నేను మొత్తం చెప్పేశాను. సీసా, గుడ్డ, పసుపునీళ్ళు, రాత్రంతా కుండ పక్కన పెట్టడం, నేను రాసిన అబద్ధం, బెటాడిన్ అన్నప్పుడు నోరు మూసుకోవడం. మేడంది కడపే. మామూలుగా మంచి ఇంగ్లీషు, మంచి తెలుగు మాట్లాడతారు. ఆ రోజు మాత్రం ఊరి మాటే వచ్చింది.

"నీకు బుద్ధి ఉండాదా? నేను ఆ ముక్కలో చూస్తాండేది ఏందనుకున్నావు? ఆ పిల్ల రొమ్ము తీయాల్నా వద్దా అని చూస్తాండా. నువ్వు జాలి అని అబద్ధం రాస్తే, దాన్ని నమ్ముకొని నేను చావు రాస్తాండా!"

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. రిజిస్టరు తెమ్మన్నారు. 'ఫార్మలిన్' అనే మాటను ఒక్క గీతతో కొట్టేయించి, పక్కన జరిగింది జరిగినట్టు రాయించి, సంతకం పెట్టించారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆమెకు ఫోన్ చేసి రెండు సంగతులు అడుగు. కోసింది ఎప్పుడు, మందు పారబోసింది ఎప్పుడు" అన్నారు.

రిజిస్టరులో నంబరు ఉంది. చేశాను. పల్లె చప్పుళ్ళ మధ్యలోంచి ఆమె గొంతు వినిపించింది.

"మద్దేనం రెండు గంటలకు కోసినారు మ్మా. సాయంత్రం బిడ్డను ఇంటికి పిల్చకొచ్చినాం. దీపాలు పెట్టే యాళకు సీసా మూత తీసినా."

"దీపాలంటే ఎన్ని గంటలు?"

"ఆరున్నర, ఏడు. ఏం మ్మా, ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు. చూస్తాండారు," అని పెట్టేశాను.

మేడం వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. నాలుగున్నర, ఐదు గంటలు. అంటే ముక్క అంతసేపూ ఫార్మలిన్‌లోనే ఉంది. ఆవిడ మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూశారు. ల్యాబులో ఉన్న మిగతా అంచు ముక్కలన్నిటినీ కొత్తగా కోయించి, ఆ స్లైడ్ల కోసం ఇంకో రోజు ఆగారు. ఆ రోజు నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు.

మర్నాడు ఆవిడే పిలిచి నన్ను మైక్రోస్కోపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. అంతవరకూ నేను ఎప్పుడూ అందులోకి చూడలేదు. గులాబీ రంగు నేల మీద ఊదా రంగు చుక్కలు. ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టు, వరస తప్పకుండా ఉన్నాయి. ఆవిడ స్లైడును మెల్లగా జరిపారు. ముగ్గు చెదిరిపోయి, రంగులు కలిసిపోయి, చివరికి వట్టి మసక మిగిలింది.

"గుడ్డు సగం ఉడికితే ఎట్లుంటుంది? పైన గట్టిగా, లోపల జారుగా. అంతే ఇది. మందు బయటి నుంచి లోపలికి నెమ్మదిగా ఇంకుతుంది. ఐదు గంటల్లో అంచు వరకే ఎక్కింది. ఆ తర్వాత లోపల మిగిలింది దానంతట అదే కరిగిపోయింది. దీన్ని ఆటోలిసిస్ అంటాం. ఒంట్లో ఉండగా చచ్చింది కాదు, బయటికొచ్చాక కరిగింది. చూడ్డానికి రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఏది ఏదో చెప్పాలంటే సీసా కథ తెలియాలి," అన్నారు.

"అయితే గడ్డ మంచిదేనా మేడం?"

"అంచు చుట్టూ చూసినంత వరకు మంచిదే. ఫైబ్రోఅడినోమా. మధ్యలో ఏముండేదో నాకు తెలియదు, తెలియదనే రాస్తాను. ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకోమని రాస్తాను."

ఆ రిపోర్టు టైపు చేసేటప్పుడు చివర ఆవిడ 'క్లినికల్ కోరిలేషన్ అవసరం' అన్నారు. నేను మారు మాట్లాడకుండా కొట్టాను. మొదటి వాక్యం 'పసుపునీళ్ళలో అందిన ముక్క' అని ఉంది. అది కూడా అక్షరం తప్పకుండా కొట్టాను.

ఆరో రోజు ఆమె వచ్చింది. తలుపు దగ్గరే నిలబడిపోయింది, లోపలికి అడుగు పడలేదు. నేనే లేచి వెళ్ళి చెప్పాను. "భయం లేదమ్మా. మంచి గడ్డే. స్కానింగ్ మాత్రం ఆరు నెలలకొకసారి చేయించాల, మర్చిపోగూడదు."

ఆమె నాతో మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత బెంచీ మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి తేరుకుని అడిగింది.

"ఆ పొద్దు ఫోన్ జేసి దీపాలు పెట్టే యాళ ఎందుకడిగితివి మ్మా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆమె నమ్మేది. కానీ ఒక అబద్ధం చేసిన పని అప్పటికి చూసి ఉన్నాను కాబట్టి పక్కన కూర్చుని అంతా చెప్పాను. పసుపునీళ్ళలో ముక్క లోపల కరిగిపోయిందనీ, దాన్ని చూసి మేడం వేరేగా అనుకున్నారనీ, ఇంకొక్క గంట ఆలస్యమైతే వేరే కాగితం బద్వేలుకు పోయేదనీ చెప్పాను.

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "అంటే నేను పసుపేసినందుకు నా బిడ్డ రొమ్ము తీసేసేటోళ్ళా?" అంది.

"నీ తప్పు కాదమ్మా. నువ్వు వచ్చి ఉన్నదున్నట్టు జెప్తివి. అబద్ధం రాసింది నేను."

ఇప్పుడు నిజం చెబుతాను. ఆ మాట అన్నాక నేను ఎదురు చూశాను. పోనీలే తల్లీ, నువ్వు మంచికే చేసినావు, నేను బతిమాలితేనే గదా చేసినావు అని ఆమె అంటుందని. మళ్ళీ నా గడ్డం పట్టుకుంటుందని. ఆమె మంచిది, అంటుందనే అనుకున్నాను.

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు.

"జెప్పొద్దని నేనే అడిగితి మ్మా. నాకు తెలీక అడిగితి. నీకు తెలుసు గదా," అంది.

రిపోర్టును నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుక్కు తోసి, బద్వేలు బస్సుకు టైమైందని లేచి వెళ్ళిపోయింది.